స్నేహపు కంకణములు

ఆగష్టు మాసపు మొదటి ఆదివారమును మన పట్టణములలో బాలబాలికలు స్నేహితుల దినముగా జరుపుకొనుట పరిపాటియైనది. ఐక్యరాజ్యసమితి 2011వ సంవత్సరమున జూలై 30వ తేదీని అంతర్జాతీయ స్నేహదినముగా నిర్ణయించినను, మన దేశమున వాడుకలో నున్నది ఆ ఆగష్టు ఆదివారమే. మరునాడు బడికి పోయి చూచినచో, ముంజేయి మొదలు మోచేతివఱకు రంగురంగుల పట్టీలు కట్టుకొన్న బిడ్డ యొకతె, ఒక్కటియు లేని చేతిని బల్లక్రింద దాచుకొన్న బిడ్డ యొకతె, ఒకే వరుసలో గూర్చుండి కనిపింతురు. ఈ నెల మేము వ్రాయదలచినది ఆ రెండవ బిడ్డను దృష్టియందుంచుకొనియే.

పట్టీలు అంగడిలో దొరకును. రబ్బరువి, రిబ్బనువి, ప్లాస్టిక్కువి, ఏవి కావలసిన నవి. తల్లులలో కొందరు పొట్లములకు పొట్లములే కొని యిత్తురు. 40 పట్టీలను 40 మందికి పంచిపెట్టిన బిడ్డ స్నేహము నేర్చినదని మేమనజాలము, పంపకము నేర్చినది. కొననేరని యింటి బిడ్డ సంగతి వేరు. ఆమె చేతికి కట్టువారు లేకపోరు గాని, మరల నిచ్చుటకు తనయొద్ద నేమియు లేదను సిగ్గు ఆమెను బాధించును. ఆ దినమున కడుపునొప్పియని బడి మానిన పిల్లల కడుపులను వైద్యునకు జూపుటకు ముందు, ఈ సంగతి నొకపరి విచారించుట మంచిది. కొన్ని బడులలో నీ పట్టీలను నిషేధించుచున్నారు. నిషేధించినంతమాత్రమున లెక్క ఆగదు. గేటు వెలుపలకు పోవును, అంతే.

అంగడి పట్టీకి బదులు తరగతిలోనే, ఉపాధ్యాయిని యెదుట, ప్రతి బిడ్డయు తన చేతులతో నొక్క కంకణమును అల్లి యొక్కరికే కట్టుట మేలని మా తలంపు. ఇది క్రొత్త విద్య కాదు. దారములను ముడివైచి అల్లు ఈ కంకణములు గ్వాటెమాలా మొదలగు మధ్య అమెరికా దేశముల చేతిపనులలోనివి. 1980 ప్రాంతముల అమెరికా సంయుక్త రాష్ట్రముల బాలికలు వీనిని వేసవి శిబిరములలో అల్లి స్నేహితురాండ్రకు గట్టుట వ్యాపించినది. మనకు మాత్రము దారమునకు ముడివైచి చేతికి గట్టుట యెవరు నేర్పవలెను? వరలక్ష్మీ వ్రతమునాడు తొమ్మిది పోగులకు తొమ్మిది ముడులు వైచి, పసుపు పూసి, తోరముగా గట్టుకొనని యిల్లు మనలో నెన్ని? 1905వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన, వంగదేశ విభజనము అమలులోనికి వచ్చిన దినమున, రవీంద్రనాథ ఠాకూరు కలకత్తాలో హిందువులు మహమ్మదీయులు ఒండొరులకు రాఖీలు కట్టుకొనునట్లు చేసెను. దారమొకటి యెంత పని చేయగలదో ఆ నగర మానాడు చూచినది.

ఇక పని విధానము. ఏడెనిమిదేండ్ల పిల్లలకు ముడుల పని కష్టము. వారికి అట్టచక్రము తగినది. దళసరి అట్టను అరచేయంత గుండ్రముగా గత్తిరించి, అంచున సమదూరమున 8 గాట్లు పెట్టి, నడుమ నొక రంధ్రము చేయవలెను. 7 దారములను కొసలయొద్ద గలిపి ముడివైచి, ఆ ముడిని రంధ్రములోనుండి క్రిందికి విడిచి, ఒక్కొక్క దారమును ఒక్కొక్క గాటిలో నిరికింపవలెను. ఒక గాటు ఖాళీగా మిగులును. ఆ ఖాళీ నుండి లెక్కించి మూడవ దారమును తీసి ఖాళీలో నుంచవలెను. ఇప్పుడు క్రొత్తగా ఖాళీయైన గాటినుండి మరల నదే వైపునకు లెక్కించి మూడవది. ఇంతే. లెక్క తప్పనంతవఱకు అల్లిక రంధ్రము క్రింద నుండి త్రాడువలె దిగుచు వచ్చును. మూడువఱకు లెక్కింపగల ప్రతిబిడ్డయు చేయగలదు.

పదేండ్లు దాటినవారు ముడుల కంకణమునే చేయవచ్చును. ఎంబ్రాయిడరీ దారపు కట్ట సాధారణముగా 8 మీటర్లుండును. అందు గజము పొడవు ముక్కలు 8 వచ్చును. ఒక కంకణమునకు గజము చొప్పున 6 ముక్కలు చాలును గనుక, 40 మంది గల తరగతికి 30 కట్టలు సరిపోవును. దారములోని ఆరు పోగులను విడదీయరాదు. ఆరు దారములను ఒక కొసన ముడివైచి, ఆ ముడిని పిల్లలు పరీక్షలకు గొనిపోవు అట్టయొక్క క్లిప్పులో బిగింపవలెను; అట్ట లేనివారు పిన్నీసుతో దిండునకు గుచ్చుకొనవచ్చును. ఎడమవైపు మొదటి దారమును రెండవదానిపై 4 అంకె ఆకారమున నుంచి, కొసను రెండవదాని క్రిందుగా దూర్చి, అంకె సందులోనుండి పైకి లాగవలెను. రెండవ దారమును బిగువుగా పట్టుకొని, ముడిని పైకి జరిపి బిగింపవలెను. అదే దారముపై ఇట్లు రెండుమారులు. తరువాత మూడవదానిపై రెండుమారులు, నాల్గవదానిపై రెండుమారులు. చివరకు మొదటి దారము కుడికొసకు చేరును. ఒక వరుస ముగిసినది. ఇప్పు డెడమప్రక్క నున్న రంగుతో మరల నారంభింపవలెను. ఏటవాలు చారలు తామే యేర్పడును. రెండుమారులు వేయవలసిన ముడిని తొందరపడి యొకమారే వేయుట పిల్లలు సామాన్యముగా జేయు పొరపాటు. చారలు వంకరపోయినచో ముందుగా దానినే చూడవలెను.

మగపిల్లలు చేయుదురా యని కొందరడుగుదురు. జడ వేయుట యెరుగని చేతులు మొదట తడబడును, నిజమే. కాని గాలిపటమునకు దారము గట్టినవాడు ముడికి భయపడడు. పైగా పదేండ్లప్పుడు అల్లిక నేర్చిన కుఱ్ఱవాడు రేపు తన కూతురికి బడివేళ జడ వేయగలడు. ఆ యింటి యిల్లాలికి నది చిన్న సాయమా?

ఎవరెవరికి గట్టవలెననుటలోనే ఉపాధ్యాయిని నేర్పంతయు నున్నది. పిల్లల యిష్టమునకు విడిచినచో, ఇరువురు ముగ్గురు బిడ్డల చేతులు తిరిగి పది కంకణములతో నిండును, వెనుకబల్ల బిడ్డ చేయి మరల ఖాళీయే. కావున చీట్లు వేయవలెను. అందరి పేర్లును డబ్బాలో వైచి తలకొకటి తీయింపవలెను. తన పేరే వచ్చినవారు మరల తీయవలెను. చీటిలో పేరున్న బిడ్డ వద్దకు పోయి, ఏ రంగులిష్టమో యడిగి, మణికట్టు కొలత తీసికొనవలెను. ఈ కొలత తీయుట మేము ముఖ్యముగా జెప్పుచున్నాము. ఎన్నడును ప్రక్కన గూర్చుండని బిడ్డ చేతిని తన చేతిలోనికి తీసికొని, దారము చుట్టి, గుర్తుపెట్టవలెను గదా. ఎవరి చేయి ముట్టుటకు ఎవరు వెనుదీయుచున్నారో ఆ నిమిషమున ఉపాధ్యాయినికి తెలియును. పుస్తకములలో ఎన్ని సమత్వపు పాఠములు చదివించినను ఇది తెలియదు. తెలిసినప్పుడు కేకలు వేయక, ఆ యిరువురినే దారములు కత్తిరించు పనికి జతగా గూర్చుండబెట్టినచో చాలును. ఒకరు పట్టుకొననిదే మరియొకరు కత్తిరింపలేరు.

ఈ చీటి పద్ధతివలన మరియొక చిక్కు కూడ తీరును. పెద్దతరగతులలో కుఱ్ఱవాడు బాలికకు గట్టినాడని యింటివారు కోపింతురు. చీటిలో వచ్చిన పేరునకు ఎవరిని తప్పుపట్టగలరు?

తోరము పవిత్రమైనది, దానిని ఆటవస్తువు చేయుదురా యని పెద్దలడుగవచ్చును. ఇది తోరమునకు బదులు కాదు. దీనికి మంత్రము లేదు, ఏ మతపు బిడ్డయైనను కట్టుకొనవచ్చును. ఏ యింటివారైనను చేతికి దారము గట్టుట మా ఆచారము గాదన్నచో బలవంతము వలదు. అదే అల్లికను పుస్తకములో గుర్తునకు పెట్టుకొను దారముగా నీయవచ్చును. పరీక్షలుండగా ఈ పనియేలయనువారికి మాత్రము మేమొక సంగతి జ్ఞాపకము చేయుదుము. 1937వ సంవత్సరమున వార్ధాలో మహాత్మాగాంధీ విద్యకు చేతిపని నాధారము చేయవలెనని చెప్పెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము గూడ ఆరు మొదలు ఎనిమిది తరగతులవారికి పుస్తకముల సంచి లేని 10 దినములను సూచించుచున్నది. ఆ దినములలో నొకటి దీనికి జాలును. ముగియనివారు మరికొన్ని పీరియడ్లు తీసికొందురు.

చివరి వరుస యైన తరువాత, కొసలను రెండంగుళముల పొడవున జడగా అల్లి ముడివేయవలెను. కొలతకంటె ఒక వ్రేలు పట్టునంత వదులుగా గట్టుట మేలు. ముడి గట్టిగా నుండి చేయి నొచ్చినచో పిల్లలు చెప్పరు. ముదురు ఎఱుపు దారము చొక్కాకు రంగంటించును గనుక ముందుగా నొకపరి తడిపి చూడవలెను. మిగిలిన తుండుదారములను పారవేయకుడు. వచ్చే నెల వానితో గుండీలు కుట్టుటయు, చిరిగిన సంచికి మాటువేయుటయు వ్రాయుదుము.