కడుపులోని క్రిమి, చేతి వణుకు: అనుమానము వేరు, ఋజువు వేరు



ఎండిన మిరప మొక్కను పెరికి చూచినప్పుడు ఒక్కొక్కసారి వేరుపై బూజు కనబడును. ఆ బూజే మొక్కను చంపినదా, లేక మొక్క చచ్చిన పిదప బూజు చేరినదా? చూచినంత మాత్రమున చెప్పలేము. ఒక మడికి మందు వేసి, ప్రక్క మడిని వదలి, రెండింటిని పోల్చిన తరువాతనే నమ్ముదుము. మనుష్యుల రోగముల విషయములోను ఇట్లే నిదానించవలెనని నా అభిప్రాయము.

కడుపులో నుండు హెలికోబాక్టర్ పైలోరీ అను క్రిమి వలన చేతులు వణకు పార్కిన్సన్ వ్యాధి వచ్చునని కొందరు చెప్పుచున్నారు. ఈ క్రిమిని 1982 లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరములో వారెన్, మార్షల్ అను వైద్యులు వేరుచేసి పెంచిరి. 1984 లో మార్షల్ తానే ఆ క్రిములను త్రాగి, కడుపులో వాపు తెచ్చుకొని చూపెను. కడుపు పుండ్లకు ఇది ముఖ్య కారణమని తేలి, 2005 లో వారిద్దరికి నోబెల్ బహుమానము లభించినది. అది ఋజువు.

వణుకు జబ్బు సంగతి అట్లు కాదు. మెదడులో డోపమీన్ అను పదార్థమును తయారుచేయు కణములు నశించుట వలన ఆ జబ్బు వచ్చును. ఆ రోగులలో ఈ క్రిమి హెచ్చుగా కనబడినదని కొన్ని పరిశీలనలు చెప్పినవి. ఇది వేరుపై కనబడిన బూజు వంటిదే. 2020 లో వెలువడిన ఒక మలేషియా పరీక్షలో, క్రిమి ఉన్న రోగులు కొందరికి దానిని చంపు మందులును, కొందరికి మందు లేని బిళ్లలును ఇచ్చి పోల్చిరి. క్రిమిని చంపినందువలన రోగుల కదలికలు మెరుగుపడలేదు. జబ్బు ముదలిడుటలో క్రిమికి పాత్ర లేనే లేదని దీనివలన తేలదు. కాని క్రిమి మందుతో వణుకు పోవునను ఆశకు ఆధారము లేదు.

కనుక వణుకు కనబడగానే మందుల షాపులో యాంటిబయాటిక్ బిళ్లలు కొని మ్రింగవద్దు. డబ్బు వృథా. ఒకే మందు పదేపదే చల్లిన పురుగు మొండికెత్తినట్లు, క్రిములును మందుకు లొంగవు. అన్నిటికంటె, అసలు వైద్యము ఆలస్యమగును. ఊరక ఉన్నప్పుడు చేయి వణకుట, పని మందగించుట, కాళ్లు చేతులు బిగియుట కనబడిన, ముసలితనమని సరిపెట్టుకొనక నరముల వైద్యునికి చూపుడు. లీవోడోపా అను మందు చాలమందికి ఉపశమనము కలిగించును. దూలగొండి గింజలలోను ఆ పదార్థమే కలదు. అయినను మోతాదు తెలియక ఆ పొడి తినరాదు. కడుపులో పుండు ఉన్నచో, దానికి పరీక్ష, చికిత్స వేరుగా చేయించుకొనుడు.

గ్రామాధికారులారా! మీ ఊరిలో ఇట్టి వారెవరైన ఉన్న, వారిని ఆసుపత్రికి చేర్చు భారము మీరు వహింపుడు.