గొంతునొప్పే కదా అని...

ఒంట్లో బాగోకపోయినా బడి మానని పిల్లల్ని మెచ్చుకోవడం మనకు అలవాటు. ఏడాదంతా ఒక్క రోజూ మాననివాళ్లకు బహుమతులిచ్చే బడులూ ఉన్నాయి. నాకు మాత్రం ఆ బహుమతంటే భయం. జ్వరంతో వచ్చిన పిల్ల పక్కనే అదే బల్లమీద ఇంకో ముగ్గురు ఇరుక్కుని కూర్చుంటారు. ఒకే మంచినీళ్ల సీసా నలుగురి నోళ్లకూ తిరుగుతుంది. కాకి ఎంగిలికి తప్పులేదంటూ చాక్లెట్ ముక్క పంచుకుంటారు.

పిల్లల గొంతునొప్పి చాలావరకు వైరస్‌ వల్ల వచ్చేదే. జలుబు, దగ్గుతోపాటు నాలుగు రోజులుండి పోతుంది. దానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. కానీ దగ్గూ జలుబూ లేకుండా ఉన్నట్టుండి జ్వరమొచ్చి, గుటక వేయలేనంత నొప్పి పుట్టి, మెడ దగ్గర బిళ్లలు కడితే స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియాను అనుమానించాలి. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో ఇది ఎక్కువ. దగ్గు, తుమ్ము తుంపర్లతో ఒకరినుంచి ఒకరికి అంటుకుంటుంది.

దీన్ని పట్టించుకోకపోతే కొందరికి రెండు మూడు వారాల తర్వాత రుమాటిక్ జ్వరం వస్తుంది. ఇవాళ మోకాలు, రేపు మోచెయ్యి వాస్తాయి. కీళ్లవాపు తగ్గిపోతుంది గానీ గుండె కవాటాలకు తగిలిన దెబ్బ ఉండిపోవచ్చు. ఆడపిల్లల్లో అది ఒక్కోసారి పెళ్లయి, కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం రూపంలో బయటపడుతుంది. అప్పుడు తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ గండమే. నాలుగో తరగతిలో వచ్చిన గొంతునొప్పి అప్పటికి ఎవరికి గుర్తుంటుంది? రుమాటిక్ గుండెజబ్బును అరికట్టాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించిందంటే ఇది చిన్న విషయం కాదు.

దీనికి మందు పెన్సిలిన్ జాతిదే, ఖరీదైనదేం కాదు. డాక్టరు 10 రోజులు రాస్తే 10 రోజులూ వేయాలి. జ్వరం తగ్గింది కదా అని మూడో రోజే ఆపేసి, మిగిలిన బిళ్లలు తమ్ముడికి పనికొస్తాయని దాచడం మానుకుందాం. మందు మొదలుపెట్టాక ఒక రోజు గడిచి, జ్వరం తగ్గితే బిడ్డ మామూలుగా బడికి వెళ్లొచ్చు. పోయేది ఒకటి రెండు రోజుల చదువే.

బడులవాళ్లకూ ఒక మాట. కిటికీలు తెరిచి ఉంచండి. భోజనానికి ముందు కుళాయి దగ్గర సబ్బు పెట్టండి. ఎవరి సీసా వాళ్లే తాగాలని చెప్పండి. జ్వరమొచ్చిన పిల్ల మర్నాడు రాకపోతే ఎందుకు రాలేదని కసురుకోకండి. ఆ హాజరు బహుమతి ఏదో, శుభ్రంగా చేతులు కడుక్కున్న తరగతికి ఇవ్వండి!