కొరియా నాటకములు: ప్రేమయా, ప్రతీకారమా?

ఈ నడుమ మా యొద్దకు వచ్చు తలిదండ్రులలో పలువురకు ఒక్కటే ఫిర్యాదు. పిల్లలు చదువు మాని కొరియా టెలివిజను నాటకములు చూచుచున్నారట; అర్ధరాత్రము దాటినను చేతిలోని ఫోను విడువరట; అన్నను "ఒప్పా" యని పిలుచుచున్నారట. ఈ వ్యసనమును మాన్పింపుడని మమ్ము గోరుచున్నారు. చూడని దానిని నిషేధించుట మాకు సమ్మతము కాదు. కావున గడచిన వేసవి సెలవులలో మా యమ్మాయిని ప్రక్కను గూర్చుండబెట్టుకొని కొన్నింటిని మొదటినుండి తుదివరకు జూచితిమి. పెద్దలు చెప్పు నేరము వానియందు మాకు గానరాలేదు. వారు మెచ్చుకొను గుణమునందే నేరము గానవచ్చినది. ఇందలి ప్రేమ చెరుపు, దుష్టశిక్షణము మేలు అని వారి తీర్పు. మా తీర్పు దీనికి తలక్రిందులు.

ముందు ప్రేమ మాట. పదునారు భాగముల నాటకమున నాయికానాయకులు చేయి చేయి పట్టుకొనుటకే యనేక భాగములు గడచును. ఒకే గొడుగు క్రింద నడచుట, జ్వరము వచ్చిననాడు గంజి కాచి యిచ్చుట, చెప్పదలచిన మాట చెప్పలేక ఇంటికి మరలిపోవుట, ఇదియే చాలవరకు అందలి శృంగారము. మన చలనచిత్రములలో నాయకుడు నాయికను వీధివీధి వెంటాడి విసిగించుచుండగా చప్పట్లు కొట్టిన తండ్రి, తన కూతురీ గొడుగును చూచెనని కోపగించుట వింత కాదా?

అందు దోషమే లేదని మేమనము. 2009వ సంవత్సరమున వచ్చిన "బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్" అను నాటకమున కోటీశ్వరుని కుమారుడొకడు బట్టలుతుకు దుకాణమువారి కూతును బడియంతటిచే హింసింపజేయును. పిదప ఆమెయే వానిని ప్రేమించును. హింస యచట ప్రేమకు పూర్వరంగము. 2022 డిసెంబరులో వెలువడిన "ది గ్లోరీ"లో అట్టి హింసయే మహాపరాధముగా నిలిచినది. ధనికుల పిల్లలు నాయికను కాలిన యినుముతో వాతలు పెట్టుదురు. ఉపాధ్యాయుడు ఆ పిల్లనే కొట్టును. కన్నతల్లి డబ్బు పుచ్చుకొని సంతకము చేయును. మా వృత్తివాడు చేసిన యా పనికి మా తల వంగిపోయినది. దీనిని వ్రాసిన కిమ్ ఊన్‌సూక్ అను నామెయే 2013లో ధనికవిద్యార్థుల ప్రేమకథయగు "ది హెయిర్స్" వ్రాసినది. పదుమూడేండ్లలో ఆ నాటకములు బడిలోని హింసను చూచు చూపు ఇంతగా మారినది. ఈ మార్పు సంస్కారము కాక మరేమి?

ఇక న్యాయము మాట. "ది గ్లోరీ" నాయిక పదునెనిమిదేండ్లు కాచుకొని పగదీర్చుకొనును. 2021లో వచ్చిన "విన్సెంజో"లో ఇటలీ మాఫియాకు మంత్రాంగము నెరపిన న్యాయవాది, దుష్టులను చిత్రవధ చేయును. ఆ యేటనే వచ్చిన "టాక్సీ డ్రైవర్"లో న్యాయస్థానము విడిచిపెట్టిన వారిని ఒక టాక్సీ సంస్థవారు రహస్యముగ దండింతురు. ఇండ్లలో పెద్దలు "అట్లు జరుగవలసినదే" యని తలలూపుట మేము కన్నులార జూచితిమి. మేమును ఒకటి రెండు మారులు తల యూపితిమని దాచనేల?

పాఠకులొక్క సంగతి విచారింపవలెను. ఆ వీరులు సామాన్యముగా పొరబడరు. ఏలయన నేరము జరుగుట కెమేరా ముందే మనకు జూపినది. మనమందరము ప్రత్యక్షసాక్షులమైతిమి. ఇక సాక్ష్యమేల, వాదమేల, న్యాయవాది యేల? కాని లోకమున నేరము జరుగునప్పుడు మనకు జూపించువాడెవడు? ఈ యొక్క భేదమును మరపించుటయే ప్రతీకారనాటకములు చేయు మోసము.

మన ప్రాచీనులీ భేదమును బాగుగ నెరుగుదురు. మృచ్ఛకటికమున తొమ్మిదవ యంకము పేరే వ్యవహారము. వసంతసేన బ్రదికియున్నదని ప్రేక్షకునికి తెలియును, న్యాయసభకు తెలియదు. నగలు బయటపడినవి, సాక్ష్యము కుదిరినట్లే యున్నది. నిర్దోషియగు చారుదత్తునకు మరణదండనము పడినది. తుదకు అసలు దోషి పట్టుబడగా, చంపుడని కేకలు వేయు జనులనుండి వానిని విడిపించినవాడు ఆ చారుదత్తుడే. నాటకకర్త మనకు సర్వము జూపియు, చూడనివారు ఎట్లు పొరబడుదురో నేర్పినాడు.

కొరియాలోనే జరిగిన వృత్తాంతము వినుడు. హ్వాసొంగు ప్రాంతమున 1986 మొదలు 1991 వరకు పదిమంది స్త్రీలును బాలికలును హత్య గావింపబడిరి. 2016లో వచ్చిన "సిగ్నల్" అను మంచి నాటకమున కొంతభాగమునకు ఈ హత్యలే యాధారము. 1988లో పదుమూడేండ్ల బాలిక తన యింటిలోనే చంపబడెను. మరుసటి యేట పోలీసులు, పోలియో సోకి కాలు కుంటుపడిన యువకునొకని పట్టి, నిద్రపోనీయక నేర మొప్పించిరి. యావజ్జీవశిక్ష పడి యతడు ఇంచుమించు ఇరువదియేండ్లు చెరలో నుండెను. 2019లో, వేరొక హత్యకై అప్పటికే చెరలోనున్న యింకొకడు డి.ఎన్.ఎ. పరీక్షవలన బయటపడి, ఆ హత్యలన్నియు తనవే యని చెప్పెను. 2020 డిసెంబరులో న్యాయస్థానము మొదటివానిని నిర్దోషియని ప్రకటించినది. "టాక్సీ డ్రైవర్" వీరులవంటివారు 1989లో నుండినయెడల ఎవనిని చంపియుందురు? ఆ కుంటివానినే. జనులు వారిపై పూలు చల్లియుందురు.

పూలమాట యూరక చెప్పలేదు. అసలు హంతకుడు కొరియాలో బయటపడిన ఆ 2019లోనే, హైదరాబాదు చెంత నొక యువతిని చెరచి చంపిరన్న యభియోగముపై పట్టుబడిన నలుగురిని, డిసెంబరు 6వ తేదీ తెల్లవారుజామున చటాన్‌పల్లి వద్ద మన పోలీసులు కాల్చి చంపిరి. మనవారు పోలీసులపై పూలు చల్లిరి. ఆ నలుగురును దోషులగుదురో కారో విచారించిన న్యాయస్థానము లేదు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కరు సంఘము, చంపు నుద్దేశముతోనే కాల్చిరని 2022లో నివేదించినది. ఆ యువతికై మేమును కన్నీరు కార్చితిమి. కాని ఆమెను చంపినవారు వీరేయని ఋజువు చేయు నవకాశము ఆ కాల్పులతోనే పోయినది. ఇక నా పూలవలన ఆమెకు కలిగిన న్యాయమేమి?

"న్యాయస్థానములు ధనికులకు దాసులు, ఏండ్లు గడచినను తీర్పురాదు, బీదవాడేమి చేయును?" అని యాక్షేపింపవచ్చును. ఈ బాధ నిజము. కొరియాలో శాంసంగు సంస్థాధిపతి లంచము నేరమునకై 2021 జనవరిలో చెరకు బోయి, ఆగస్టులోనే బయటకు వచ్చెను. మరుసటి యేట క్షమాభిక్షయు లభించెను. అట్టి దేశమున "విన్సెంజో"కు చప్పట్లు మ్రోగుటలో నాశ్చర్యము లేదు. కాని పగ తీర్చుకొను వీరుడు న్యాయస్థానమును బాగుచేయడు. దాని యక్కర లేదని మనచే ననిపించును. అప్పుడు ధనికునికంటె సంతోషించువాడుండడు, పగదీర్చు శక్తియు వానికే యెక్కువ గనుక.

బాగుచేయువారి కథ వేరు. 1999లో దేగు పట్టణమున ఆరేండ్ల బాలునిపై ఎవడో ఆమ్లము పోసెను. నలువదితొమ్మిది దినములు బాధపడి బాలుడు మరణించెను. హత్యానేరమునకు నాడున్న కాలపరిమితి పదునైదేండ్లు. తలిదండ్రులు ఏండ్లతరబడి న్యాయస్థానముల చుట్టును, ప్రజాప్రతినిధుల చుట్టును తిరిగిరి. 2015 జులైలో జాతీయసభ హత్యానేరమునకు కాలపరిమితిని రద్దు చేసినది. ఆ బాలుని పేరనే జనులా చట్టమును పిలుచుచున్నారు. కాని యప్పటికే గడువు తీరినందున వాని హత్యకు మాత్ర మది వర్తింపలేదు. తమ బిడ్డకు దక్కని న్యాయమును ఇతరుల బిడ్డలకు సంపాదించిన యా తలిదండ్రులకంటె గొప్ప వీరులను మేమే నాటకమునందును జూడలేదు.

అట్టి తెలివి గల నాటకములును గలవు. 2022లో వచ్చిన "జువెనైల్ జస్టిస్"లో పదుమూడేండ్ల బాలుడొకడు హత్య నేను చేసితినని తానే వచ్చి చెప్పును. తన బిడ్డను బాలాపరాధుల వలన గోలుపోయిన న్యాయమూర్తి, ద్వేషము మనసు నిండ నున్నను, ఆ మాటను నమ్మక విచారించి, హంతకుడు వాడు కాడని తేల్చును.

కావున తలిదండ్రులకు మా మనవి యిది. పిల్లల చేతిలోని ఫోను లాగుకొనకుడు, ప్రక్కన గూర్చుండుడు. గొడుగు క్రింద నిలిచిన యువతీయువకులను జూచి మొగము త్రిప్పుకొనకుడు. దుష్టుడు మంటలలో గూలుచుండగా పిల్లవాడు చప్పట్లు కొట్టిననాడు మాత్రము, "ఈ కెమేరా లేకున్న వీడే దోషియని నీకెట్లు తెలియును?" అని యడుగుడు. మా యమ్మాయి నీ ప్రశ్న యడిగితిమి. చాలసేపు మాటాడలేదు. మరునాడు ఆ నాటకమును మొదటినుండి మరల జూడ మొదలుపెట్టినది.