ఇంజను అరుస్తుంది, బండి కదలదు

మిర్చి కోతల కాలం వచ్చిందంటే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో స్కూటరుకు విశ్రాంతి ఉండదు. పొద్దున్నే కూలీలకు నీళ్ళ క్యాన్లు, మధ్యాహ్నం కల్లానికి పట్టాలు, సాయంత్రం బడి నుంచి పిల్లలు, అన్నీ దాని మీదే. అలాంటి బండికి పికప్ తగ్గినప్పుడు ‘తర్వాత చూద్దాంలే’ అనుకోవడం ఎంత పొరపాటో ఈ నెల మా ఇంటి అనుభవంతోనే చెప్పదలచాము.

గత వేసవి ఆరంభంలో మా ఇల్లాలు చిన్నమ్మాయిని వెనుక కూర్చోబెట్టుకుని చిలకలూరిపేట సమీపంలో 16వ నంబరు జాతీయ రహదారిని దాటుతోంది. డివైడరు సందులో ఆగి, దారి ఖాళీ అయ్యాక యాక్సిలరేటర్ తిప్పింది. ఇంజను గట్టిగా అరిచింది. బండి మాత్రం రెండు క్షణాలు కదలలేదు, ఆపై మెల్లగా పాకింది. అంతలోనే లారీ వచ్చేసింది. డ్రైవరు బ్రేకు వేయబట్టి గండం గడిచింది. ఇంటికి వచ్చి ఆమె అన్నది ఒక్కటే మాట: “బండి ఆలస్యంగా అందుకుంటోందని వారం నుంచీ చెబుతూనే ఉన్నాను కదండీ!”

మర్నాడు ఒక మెకానిక్‌కు చూపిస్తే ఇంజను బోరు అయిపోయిందన్నాడు. నమ్మి పని చేయించాము. వేల రూపాయలు ఖర్చయ్యాయి, లోపం మాత్రం పోలేదు. తర్వాత మరో పెద్దాయన బండిని కాస్త దూరం నడిపి, “భాయ్, ఇంజనుకేమీ కాలేదు, క్లచ్ జారుతోంది” అన్నాడు. కవరు విప్పితే క్లచ్ షూలు కాలిపోయి అద్దంలా నునుపెక్కి ఉన్నాయి.

ఆయన ఎలా గుర్తించాడో తెలియాలంటే లోపలి అమరిక కొంత తెలియాలి. 1980లలో కైనెటిక్ హోండాతో మనకు పరిచయమైన పద్ధతే నేటి గేర్లులేని పెట్రోలు స్కూటర్లలోనూ ఉంది. ఇంజను వైపు ఒక పుల్లీ, వెనుక మరొకటి, రెండింటినీ కలుపుతూ రబ్బరు బెల్టు. ముందు పుల్లీలోని రోలర్లు వేగాన్ని బట్టి బయటికి జరిగి గేరు మార్చే పని చేస్తాయి. వెనుక పుల్లీతో పాటు తిరిగే క్లచ్ షూలు వేగం పెరగగానే విచ్చుకుని, గిన్నె వంటి క్లచ్ బెల్‌ను పట్టుకుంటాయి. అప్పుడే చక్రం తిరుగుతుంది. షూలు అరిగినా, నునుపెక్కినా ఆ పట్టు జారిపోతుంది.

కాబట్టి ముందు చెవితో పరీక్షించాలి. ఖాళీ దారిలో యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ఇంజను శబ్దం పెరిగి, వేగం పెరగకపోతే లోపం సాధారణంగా క్లచ్‌లోనో బెల్టులోనో ఉంటుంది. శబ్దమే పెరగకుండా బండి బరువుగా లాగుతుంటే గాలి, పెట్రోలు, స్పార్క్ ప్లగ్ చూడాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బి.ఎస్.6 ప్రమాణాలతో వచ్చిన స్కూటర్లలో కార్బొరేటరుకు బదులు ఇంజెక్టరు ఉంటుంది. వాటిలో మీటరుపై ఇంజను గుర్తు దీపం ఆరకుండా వెలుగుతోందేమో గమనించాలి.

ఖర్చు లేని పరీక్షలు ముందు చేయాలి. టైరులో గాలి చూడండి. ఇంజను ఆపి, పెద్ద స్టాండు వేసి వెనుక చక్రాన్ని చేతితో తిప్పండి. తేలికగా తిరగకపోతే బ్రేకు పట్టేసి ఉండవచ్చు, లేదా మడ్‌గార్డు కింద నల్లరేగడి మట్టి గట్టిపడి ఉండవచ్చు. ఆపై ఎయిర్ ఫిల్టరు. పత్తి నూగు, మిర్చి దుమ్ము ఎగిరే మన ప్రాంతంలో అది త్వరగా పూడుకుపోతుంది. నూనె తడి ఉండే కాగితపు ఫిల్టరును కడగరాదు, మార్చాల్సిందే.

అప్పటికీ తీరకపోతే కవరు విప్పించి బెల్టు వెడల్పు, పగుళ్ళు, రోలర్ల అరుగుదల, క్లచ్ షూలు చూపించమని అడగండి. రోలర్లు, షూలు సెట్టుగానే మార్చాలి. ఆయిల్ కారి షూలు తడిసివుంటే ముందు ఆ సీలు మార్పించాలి. లోపలి పొడిని నోటితో ఊదనివ్వకండి, అది ఊపిరితిత్తులకు హానికరం. మార్చిన పాత భాగాలను అడిగి తీసుకోండి.

ఇక ఆ షూలు ఎందుకు కాలాయని పెద్దాయన అడిగితే మేము తల వంచుకోవలసి వచ్చింది. లారీ ఎక్కించడానికి సుమారు 40 కిలోల మిర్చి టిక్కీలను ఒక్కోసారి రెండేసి ఆ స్కూటరు మీదే చేరవేశాము. అకాల వర్షానికి తడిసిన బాటలో చక్రం కదలకపోయినా యాక్సిలరేటర్ వదలకుండా లాగించాము. మేము పొలంలో కాల్చిన క్లచ్‌తో ఆమె రహదారి దాటింది.

ఇప్పుడు టిక్కీలకు ఆటో మాట్లాడుకుంటున్నాము. సోదరులారా, ఇంట్లో స్త్రీలు “బండి అందుకోవడం లేదు” అంటే నడపడం రాదని తోసిపుచ్చకండి. రోజూ నడిపే చేతికే ఆ తేడా ముందు తెలుస్తుంది. తాళం వారి చేతికిచ్చే ముందు ఒకసారి మీరు నడిపి చూడండి. లోపం తేలేదాకా ఆ బండితో రహదారి దాటనివ్వకండి.