నిమ్మకాయలు తొక్కించారు సరే, పేరు మారిందా?

ఆదివారం పొద్దున అరసవల్లి వెళ్లినవాళ్లకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. సూర్యనారాయణస్వామి గుడి దగ్గర వరసగా బళ్లు. బానెట్ మీద పసుపు, కుంకుమ, అద్దం మీద పూలదండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. కొబ్బరికాయ పగిలిన చప్పుడు వినగానే స్టీరింగ్ పట్టుకున్నాయన మెల్లగా క్లచ్ వదులుతాడు. నిమ్మకాయలు చిట్లుతాయి. వెనక సీట్లో పిల్లలు కేరింతలు కొడతారు. ఆ బళ్లలో కొన్ని షోరూం నుంచి తిన్నగా వచ్చినవి, ఇంకొన్ని రెండు మూడు చేతులు మారి వచ్చినవి. స్వామి దగ్గర రెంటికీ ఒకటే పూజ. తేడా వచ్చేదల్లా రవాణా శాఖ దగ్గరే.

కొత్త కారుకు పెద్ద బాధ లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, అధీకృత డీలరు అమ్మిన కొత్త బండిని మొదటి రిజిస్ట్రేషన్ కోసం ఆఫీసు దాకా తోలుకెళ్లి చూపించక్కర్లేదు. కాగితాల పనంతా షోరూం వాళ్లే చూసుకుంటారు. పాత కారు కొన్నవాళ్లకు మాత్రం ఆ పెళ్లిపెద్ద ఉండడు. మధ్యవర్తి ఒకడుంటాడు గానీ, కమీషన్ చేతిలో పడ్డాక ఆయన ఫోను అంత తొందరగా ఎత్తడు.

అమ్మేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది. ‘‘కాగితాలెక్కడికెలిపోతాయి బావూ? ఫారాల మీద సంతకాలెట్టేసినాను కదా, నీకు కుదిరినప్పుడు మార్పించుకో’’. వినడానికి ఎంతో పెద్దమనసులా ఉంటుంది. నిజానికి ఈ మాటతో ముందు గోతిలో పడేది కొన్నవాడు కాదు, అన్నవాడే.

ఎలాగంటారా? సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చిన ఒక కేసు చూడండి. ఉత్తరాదిలో ఒకాయన తన కారును 2007లో అమ్మేశాడు. కొన్నాయన ఇంకొకరికి అమ్మాడు. ఆయన కూడా మరొకరికి ఇచ్చేశానన్నాడు. ఇన్ని చేతులు మారినా రిజిస్ట్రేషన్ కాగితంలో పేరు మాత్రం మొదటాయనదే. 2009 మే నెలలో ఆ కారు వెనక్కి తీస్తుండగా వీధిలో నడిచి వెళ్తున్నవాళ్లను గుద్దింది. ఒక పిల్లవాడు చనిపోయాడు. పరిహారం ఎవరివ్వాలి? ‘‘బండి నా దగ్గర లేదు, ఎప్పుడో అమ్మేశాను’’ అన్నాడు మొదటాయన. రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని, బాధ్యత వాళ్లదేనని న్యాయమూర్తులు తేల్చారు. బిడ్డను పోగొట్టుకున్న కుటుంబం బండి ఎవరెవరి చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాలనడం న్యాయం కాదన్నది ఆ తీర్పులోని సారం. కాదనడం కష్టం.

కొన్నాయనకూ నిశ్చింత లేదు. బండి చేతులు మారితే థర్డ్ పార్టీ బీమా దానంతటదే కొత్త యజమానికి మారినట్టు చట్టం లెక్కగడుతుంది. కానీ సొంత బండికి తగిలిన దెబ్బకు ఈ సౌకర్యం లేదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. బండి బదిలీ అయిన 14 రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టి, పాలసీ తన పేరున మార్పించుకోవాల్సిన పని కొన్నవారిది. ఆ పని చెయ్యకుండా చిలకపాలెం దగ్గర లారీకి గుద్దుకుంటే, బంపరు నుంచి రేడియేటరు దాకా ఖర్చు జేబులోంచే. ఇంకో సంగతి. పాత యజమాని ఏళ్ల తరబడి క్లెయిం చెయ్యకుండా కూడబెట్టుకున్న ‘నో క్లెయిం బోనస్’ ఆయనదే, బండితో రాదు. అది తీసేస్తే ప్రీమియం పెరుగుతుంది. బేరం ఆడేటప్పుడే ఈ లెక్క వేసుకున్నవాళ్లు అరుదు.

సరే, పద్ధతి ఏమిటి? రాష్ట్రంలోపలి బండి అయితే తేలిక. విజయనగరంలో కొని అరసవల్లి తెచ్చుకున్నారనుకోండి. ఫారం 29 అంటే ‘నేను అమ్మేశాను’ అని పాత యజమాని ఇచ్చే నోటీసు. బండి ఇచ్చేసిన 14 రోజుల్లో ఇవ్వాలి. ఫారం 30 ఇద్దరూ కలిసి పెట్టే దరఖాస్తు. కొన్నవారు 30 రోజుల్లోపు ఆఫీసుకు తెలపాలి. బండి నంబరు మారదు. ఏపీ 35 అంటే విజయనగరం, ఏపీ 30 అంటే శ్రీకాకుళం అన్న లెక్క పాత బళ్లకే మిగిలింది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే వరస పెట్టాక నంబరు చూసి ఊరు చెప్పే సరదా పోయింది. బండి మీద అప్పుంటే మాత్రం ముందు అది తీరాలి. అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఉత్తరంతో పాటు ఫారం 35 కూడా పెట్టి, ఆర్సీలో బ్యాంకు పేరు కొట్టేయించాలి. ‘లోను ఎప్పుడో తీర్చేశాం’ అన్న మాట ఆర్సీకి తెలియదు. అందులో బ్యాంకు పేరున్నంత కాలం బ్యాంకు ఒప్పుకోలు లేకుండా బదిలీ జరగదు.

అసలు చిక్కంతా ఇచ్ఛాపురం అవతలి నుంచి వచ్చే బళ్లతోనే. శ్రీకాకుళం వాళ్లకు బరంపురం దూరమేమీ కాదు. చుట్టరికాలున్నాయి, వ్యాపారాలున్నాయి. అక్కడ కారు కాస్త చవకగా దొరికితే ఆశ పుట్టడం సహజం. గంజాం జిల్లా బండికి ఓడీ 07, పర్లాకిమిడి వైపుదైతే ఓడీ 20. ఆ ‘ఓడీ’ని ‘ఏపీ’ చెయ్యడమే అసలు కథ.

ముందు ఆ రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం రావాలి. దీనికి ఫారం 28. అందరూ ఎన్‌ఓసీ అంటారు. పన్ను బాకీ లేదని, చలాన్లు లేవని, బండి మీద దొంగతనం కేసు లేదని తేలాకే ఇస్తారు. దరఖాస్తు అందిన 30 రోజుల్లోపు ఆఫీసు ఇస్తున్నామనో, ఇవ్వమనో చెప్పాలి. ఏదీ చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క అని చట్టంలోని 48వ సెక్షను అంటోంది. ఇలాంటి సెక్షను ఒకటుందని కౌంటరు దగ్గర గుర్తుచేసేవాళ్లు తక్కువ. ఎన్‌ఓసీ మీద ఏ ఆఫీసు పేరు రాశారన్నదీ చూసుకోవాలి. బండి ఉండబోయేది అరసవల్లిలో అయితే శ్రీకాకుళం ఆఫీసు పేరే ఉండాలి. చుట్టాలింటి అడ్రసు కదా అని విశాఖపట్నం రాయించుకుంటే మళ్లీ బరంపురం ప్రయాణమే.

ఇక్కడ ఇంకో తికమక ఉంది. పొట్ట చేతపట్టుకుని హైదరాబాద్ వెళ్లిన సిక్కోలు కుటుంబాలు ఎన్నో. అక్కడ కారు కొని సొంతూరు తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. టీఎస్ అనో, 2024 నుంచి వచ్చిన టీజీ అనో ఉంటే పరాయి రాష్ట్రం బండని తెలిసిపోతుంది. ఏపీ 09, ఏపీ 28, ఏపీ 29 నంబర్లతో కూడా అక్కడ బళ్లు తిరుగుతున్నాయి. అవి 2014 జూన్ 2కు ముందు హైదరాబాద్, రంగారెడ్డి ఆఫీసుల్లో రిజిస్టరయినవి. ముందు ఏపీ ఉంది కదా, మనదేననుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆ రికార్డు ఇప్పుడు తెలంగాణది. దానికీ ఎన్‌ఓసీ కావాల్సిందే.

ఎన్‌ఓసీ వచ్చాక సొంత జిల్లాలో కొత్త నంబరు కోసం ఫారం 27, పేరు మార్పు కోసం 29, 30, వాటితో పాటు అసలు ఆర్సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం, అడ్రసు రుజువు. పైన జీవితకాల పన్ను. బండి ఖరీదు, వయసు బట్టి లెక్కగడతారు. పక్క రాష్ట్రంలో ఒకసారి కట్టారు కదా, మళ్లీ ఎందుకంటే, పన్ను ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. బరంపురంలో 50 వేలు తక్కువకు వచ్చిందని మురిసిపోయిన బండి, ఈ పన్ను కట్టేసరికి ఊళ్లో బండితో సమానమైపోయిన సందర్భాలు తక్కువేం కాదు. అడ్వాన్సు ఇచ్చేముందే ఈ లెక్క ఆఫీసులో అడిగి తెలుసుకోవడం మేలు. ఇంకొందరు ‘ఏడాది దాకా ఏ నంబరైనా తిరగొచ్చు’ అంటారు. నంబరు మార్చుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు 12 నెలలే గానీ, పన్ను గడువు దానితో ముడిపడి లేదు. రెంటినీ కలిపేసుకుని తనిఖీలో దొరికిపోయేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు బండిని చూపించాలి. ఎంవీఐ అని రాస్తారు గానీ, మన ఊళ్లలో పాతకాలం వాళ్లకు ఆయన ఇప్పటికీ ‘బ్రేకినస్పెట్రు’. పేరుకు తగ్గట్టు బ్రేకులు చూస్తాడు. లైట్లు, హారను, వైపర్లు, టైర్లు కూడా చూస్తాడు. కానీ ముఖ్యంగా చూసేది కాగితంలో రాసిన బండీ, కళ్లముందున్న బండీ ఒకటేనా అన్నది. అందుకు ఛాసిస్ నంబరు. చాలా కార్లకు బానెట్ ఎత్తితే అద్దం కింది రేకు మీదో, ముందు సీటు దగ్గరో గుద్ది ఉంటుంది. మొత్తం 17 అంకెలు, అక్షరాలు. ఐ, ఓ, క్యూ అన్న ఇంగ్లిషు అక్షరాలు అందులో వాడరు. ఒకటి, సున్నాలతో పొరపడకుండా పెట్టుకున్న అంతర్జాతీయ కట్టుబాటది. పలచటి కాగితం దాని మీద పెట్టి పెన్సిలుతో రుద్దితే నంబరు అచ్చు పడుతుంది. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దిన ఆటే. ఇన్ని కంప్యూటర్లు వచ్చినా ఈ పెన్సిలు అచ్చుకు విలువ పోలేదు.

ఎందుకంటే మోసం జరిగేది ఇక్కడే. ప్రమాదంలో నుజ్జయిన కారు కాగితాలు కొని, అదే రంగు, అదే మోడలు దొంగ కారుకు ఆ నంబరు గుద్దేవాళ్లున్నారు. బండి పనికిరాకుండా పోతే యజమాని 14 రోజుల్లో ఆఫీసుకు తెలిపి ఆర్సీ రద్దు చేయించుకోవాలన్న నిబంధన ఉన్నది ఇందుకే. పాటించేవాళ్లు తక్కువ. సముద్రం పక్క ఊళ్లలో తిరిగిన బళ్లకు ఇంకో తంటా. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి రేకు తుప్పు పట్టి అంకెలు మాసిపోతాయి. దొంగ చెరిపినా, తుప్పు తిన్నా చూసేవాడికి ఒకేలా కనిపిస్తుంది. మెకానిక్ షెడ్డులో తిరిగి గుద్దించుకుంటే నేరమవుతుంది, ఆఫీసు అనుమతితోనే చెయ్యాలి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుఫాన్ల తర్వాత నీళ్లలో నానిన బళ్లు కూడా అమ్మకానికొస్తాయి. సీటు బెల్టును చివరి దాకా లాగి చూస్తే బురద మరక దొరుకుతుంది. అంత దూరం ఎవరూ కడగరు. ఇది మాత్రం ఇన్‌స్పెక్టరు చూసిపెట్టే పని కాదు, కొనేవాళ్లే చూసుకోవాలి.

పదిహేనేళ్లు దాటిన బండికి ఈ తనిఖీ సొంత రాష్ట్రంలో కూడా తప్పదు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఫారం 25 పెట్టి, బండి చూపించి, అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. ఒకప్పుడు 600 రూపాయలతో పోయే ఈ పని 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. ‘తాతల నాటి మారుతి, నలభై వేలకే’ అని ఎవరైనా అంటే ముందు ఆర్సీలో గడువు తేదీ చూడాలి. గడువు దాటాక ఆలస్యమైన ప్రతి నెలకూ కారుకు 500 రూపాయలు అదనం.

ఊళ్లో పాత కార్ల షాపుల ద్వారా కొనేవాళ్లకు కొంత ఊరట 2023 ఏప్రిల్ 1 నుంచి దొరికింది. రవాణా శాఖ దగ్గర అనుమతి తీసుకున్న డీలరుకు బండి అప్పగించినట్టు పాత యజమాని ఫారం 29సిలో తెలియజేస్తే, అప్పటి నుంచి దాని బాధ్యత డీలరుదే. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, దేవుడి మీద భారం వేసే పని లేదు. షాపులో ఆ అనుమతి పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. చూపించనివాళ్ల దగ్గర టీ తాగి వచ్చేయడమే.

ఇక ఇంట్లో పెద్దాయన పోయాక ఆయన పేరున ఉండిపోయిన కారు. అరలక్ష ఖర్చు పెట్టి సంవత్సరీకాలు చేస్తారు గానీ, బండి పేరు మార్చడం ఎవరికీ గుర్తుండదు. యజమాని చనిపోయిన 30 రోజుల్లో ఆఫీసుకు తెలపాలి, మూడు నెలల్లోపు ఫారం 31 పెట్టాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరి ఒప్పుకోలు కావాలి కాబట్టి, పెదకర్మ నాడు అందరూ ఒకచోట ఉన్నప్పుడే సంతకాలు అయితే మంచిది. తర్వాత ఒకరు ముంబయిలో, ఒకరు మస్కట్‌లో ఉంటారు. 2021 నుంచి ఆర్సీలో నామినీ పేరు రాయించుకునే వీలు వచ్చింది. బ్యాంకు పాసుపుస్తకంలో రాయించినంత శ్రద్ధ దీని మీద ఇంకా రాలేదు.

అన్నీ అయి, కొత్త ఆర్సీ చేతికొచ్చాక అక్షరాలు ఒకసారి సరిచూసుకోవాలి. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడినా బీమా వాళ్లతో తర్వాత తంటాలు. అద్దానికి అంటించిన ఫాస్టాగ్ కూడా చూసుకోవాలి. అది ఇంకా పాత యజమాని ఖాతాకే ముడిపడి ఉంటుంది. దాన్ని పీకి కొత్తది వేయించుకోకపోతే, సొంత కారులో కుటుంబమంతా దర్జాగా మడపాం టోల్‌గేటు దాటిన ప్రతిసారీ డబ్బులు కట్ అయినట్టు మెసేజ్ వచ్చేది బరంపురంలో ఉన్న ఆయనకు. ఆయన ఫోను చేస్తాడు.