మందు చీటీ చదవగల చదువు

చదువుకున్నవాడని ఎవరిని పిలువవలెను? ఈ ప్రశ్న కొన్నేళ్ళ క్రితం మా యింటిలోనే మాకెదురైనది. మా నానీకి క్షయ సోకగా వైద్యుడు ఆరునెలల చికిత్స వ్రాసియిచ్చారు. రెండు నెలలకే దగ్గు తగ్గినది, ఆకలి పుట్టినది. "ఇక నాకెందుకురా బేటా ఈ చేదు గోలీలు?" అన్నది నానీ. మేమూ ఔనన్నాము. కొన్ని నెలలకు వ్యాధి తిరగబెట్టినది; చికిత్స మొదటినుండి ఆరంభించవలసివచ్చినది. ఎం.ఏ. చదివి, ప్రబంధాలలోని శ్లేషలను విప్పిచెప్పే మేము ఆ చిన్న చీటీని విప్పుకొనలేకపోయాము. ఆ తప్పు నానీది కాదు, మాది.

క్షయకు మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఎథాంబ్యుటాల్ అను నాలుగు మందులను కలిపి యిస్తారు. పెక్కు క్రిములు అప్పుడే నశిస్తాయి. లక్షణాలు అందుకే తగ్గుతాయి. మందకొడిగా దాగియున్న క్రిముల కొరకే మిగిలిన నాలుగు నెలలు. నడుమ ఆపినచో మిగిలిన క్రిములు మందుకు లొంగని మొండితనం నేర్వగలవు. పెన్సిలిన్‌ను 1928లో కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసమిస్తూ, చాలీచాలని మోతాదు క్రిములకు ఎదురునిలిచే శక్తినిస్తుందని ఆనాడే హెచ్చరించారు.

భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో ఆరియోమైసిన్ రూపొంది, 1948లో లోకానికి వెల్లడైనది. టెట్రాసైక్లిన్ జాతికి అది మొదటిది. అట్టి మహనీయుని భాష మాటలాడే మనము జలుబు చేయగానే దుకాణానికేగి నాలుగు యాంటీబయాటిక్ బిళ్ళలు కొని మ్రింగుతున్నాము. జలుబుకు కారణం వైరసు. యాంటీబయాటిక్ బాక్టీరియాపైననే పనిచేస్తుంది. పట్టీపై నిలువుగా నుండే ఎర్రగీతకు అర్థం వైద్యుని చీటీ లేనిదే వాడరాదని. 2016లో ప్రభుత్వం దీనిపై ప్రచారం కూడ చేసినది. మనలో ఆ గీతను గమనించినవారెందరు?

రక్తపోటు, మధుమేహాల సంగతి వేరు. ఆమ్లోడిపిన్ రక్తనాళాల గోడలను సడలించి పోటును తగ్గిస్తుంది. మెట్‌ఫార్మిన్ కాలేయం నుండి వెలువడే చక్కెరను తగ్గిస్తుంది. ఇవి రోగాన్ని అదుపులో నుంచునవేగాని తుడిచివేయునవి కావు. "పోటు సరిగా ఉన్నది కదా" అని అబ్బాజాన్ మాత్ర మానివేస్తే, సరిగా ఉండుటకు ఆ మాత్రయే కారణమని చెప్పవలసినవాడు కుమారుడే. రంజాన్ ఉపవాసాలలో గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ వంటివి చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టగలవు. నెల ఆరంభానికి ముందే వైద్యుని సంప్రదించి వేళలను, మోతాదులను సవరించుకొనవలెను.

చీటీ భాష బ్రహ్మవిద్య కాదు. ఓ.డి. అనగా రోజుకొకసారి, బి.డి. అనగా రెండుసార్లు, టి.డి.ఎస్. అనగా మూడుసార్లు, హెచ్.ఎస్. అనగా నిద్రకు ముందు; ఎస్.ఓ.ఎస్. అనగా అవసరమైనప్పుడు మాత్రమే. 1-0-1 అని వ్రాసియున్నచో ఉదయమొకటి, రాత్రియొకటి.

అరకొర జ్ఞానం అనర్థదాయకమని, విద్యార్థులు సొంతవైద్యం మొదలుపెడతారని కొందరు పెద్దలు శంకించవచ్చును. ఆ శంక నిరాధారం కాదు. కాని చీటీ చదువుట వేరు, చీటీ వ్రాయుట వేరు. మేము కోరునది మొదటిది మాత్రమే. అసలు చదవనేరనివాడే పొరుగింటివాని మిగిలిన బిళ్ళను నిర్భయంగా మ్రింగుతాడు.

మన యిండ్లలో పెద్దలు ఉర్దూయో తెలుగో చదువుతారు. మందుపట్టీ ఇంగ్లీషులో మాటలాడుతుంది. ఈ రెంటి నడుమ నిలిచియున్నవారు మన విద్యార్థులే. కావున కళాశాల కమిటీవారికి మా మనవి యిది: ఏటా ఒక వైద్యుని, ఒక ఫార్మసిస్టును పిలిపించి రెండు గంటల పాఠం చెప్పించండి, ఈ సంకేతాలను ఉర్దూ, తెలుగు లిపులలో అచ్చువేయించి ప్రతి విద్యార్థి చేతికివ్వండి. ఇందుకయ్యే ఖర్చు స్వల్పం.

విద్యార్థి సోదరసోదరీమణులారా! ఈ రాత్రి ఇంటికేగి పెద్దల మందుల పెట్టె తెరవండి. ఏ మాత్ర దేనికో, ఎన్నాళ్ళకో వారిని అడగండి. వారికి తెలియనిచో చీటీతో వైద్యుని వద్దకు వెంట వెళ్ళండి. మేము నానీకి చేయని ఆ సేవ మీరు మీ వారికి చేయగలిగినచో మా వ్రాత ధన్యమగును.