సీసీల సంగతి మనకెందుకట!

పాత కారు కొనేటప్పుడు మా ఇళ్లలో ఆడవాళ్లకు మిగిలే హక్కు రంగు ఎంచుకోవడమే. "సీసీల సంగతి నీకెందుకు?" అంటారు మావారు. ఎందుకా? 2019లో వచ్చిన వ్యాగన్ఆర్‌నే చూడండి: 998 సీసీ, 1197 సీసీ అని రెండు రకాల ఇంజిన్లు. మగవాళ్లు మైలేజీ లెక్క వేసి చిన్నదే చాలంటారు. ప్యాపిలి దాటి 44వ నంబరు హైవే ఎక్కి, ఐదుగురితో లారీని దాటాలంటే ఏ చిన్న ఇంజినైనా ముక్కుతూ మూలుగుతుంది. వెంటనే "ఏసీ ఆపేయ్" అంటారు. ఆదా పెట్రోలుది, చెమట మనది! ఊళ్లో తిరగడానికైతే చిన్నదే మేలు, ఒప్పుకుంటాను. శ్రీశైలం ఘాట్ ఎక్కాలంటే మాత్రం పెద్దదే. అక్కలూ, బేరం కుదరకముందే ఇంటిల్లిపాదీ ఎక్కి, ఏసీ వేసి నడిపించి చూడండి. డబ్బులు ఆ తర్వాతే.